హిందీ చలనచిత్రాలలో పునర్జన్మ – ఒక పరిశీలన

గత సంవత్సరం పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ పాఠం చెబుతున్న సమయంలో ఒక విద్యార్థి లేచి అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. శిశువైన మధురలాలసను హారంలోని మణి తాకగానే ఆమెకు పూర్వజన్మ స్మృతి కలగడం, ఆ వృత్తాంతాన్ని ఆమె కళాపూర్ణునికే వినిపించడం నేను వివరిస్తున్నాను. “సార్, మనకు పునర్జన్మలో విశ్వాసం లేదు గదా! ‘మధుమతి’ చూచి మా అమ్మీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అది తప్పా?” అన్నాడతడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు.

మన విశ్వాసం స్పష్టమే. ఒకే జన్మ, ఒకే మరణం, పిదప హషర్ దినాన లెక్క. అయినప్పటికీ పునర్జన్మ కథలను ఉర్దూ, తెలుగు మాట్లాడే మన ఇండ్లలో తరతరాలుగా ఆదరించారు. గాంధీనగర్ నుండి చిక్కడపల్లి, నారాయణగూడ వైపు నడిచిన వారికి ఈ ప్రాంతంలో సినిమా హాళ్లు ఎంతటి ఆకర్షణగా ఉండేవో తెలుసు. మతవిశ్వాసం టిక్కెట్టు కిటికీ దగ్గర ఎవరినీ ఆపలేదు.

ముందుగా ‘మహల్’ (1949). కమాల్ అమ్రోహీకి దర్శకునిగా ఇదే తొలి చిత్రం. యమునా తీరాన పాడుపడిన భవనానికి కొత్త యజమాని హరిశంకర్ వస్తాడు. గోడమీది చిత్తరువులో తన పోలికే కనబడుతుంది. అర్ధరాత్రి పాట వినబడుతుంది, ఒక స్త్రీ మెరిసి మాయమవుతుంది. తాను కామిని ప్రియుడినేనని, తిరిగి పుట్టానని అతడు నమ్ముతాడు. చివరకు ఆమె కామిని ఆత్మ కాదు, తోటమాలి కూతురు ఆశ అని తేలుతుంది. ఇక్కడ పునర్జన్మ ఒక భ్రమ. కాని ఆ భ్రమకు బలి అయిన భార్య రంజన మరణం మాత్రం భ్రమ కాదు. తోటమాలి కూతురు భవన యజమానిని ప్రేమించాలంటే గతజన్మ ముసుగు తప్ప వేరు మార్గం ఆమెకు కనబడలేదు. భయం గొలిపే చిత్రంగా పేరుపొందిన ఈ కథలో నాకు అన్నింటికంటె భయం కలిగించినది ఈ అంశమే.

‘మహల్’కు కూర్పరిగా పనిచేసిన బిమల్ రాయ్ తొమ్మిదేండ్ల తరువాత ‘మధుమతి’ (1958) తీశారు. కథ ఋత్విక్ ఘటక్‌ది, సంభాషణలు ఉర్దూ రచయిత రాజిందర్ సింగ్ బేడీవి. ఇందులో ఉత్కంఠ నిర్మాణం పాఠంగా చెప్పదగినది. హంతకుడైన రాజా ఉగ్రనారాయణ్ చేత నేరం ఒప్పించడానికి, మధుమతిని పోలిన మాధవి ఆమె ఆత్మగా నటించాలని ఏర్పాటు. నాటకం ఫలిస్తుంది, పోలీసులు వస్తారు. అయితే శవాన్ని పాతిపెట్టిన చోటు మాధవికి ఎట్లా తెలిసిందన్న సందేహం ఆనంద్‌కు కలుగుతుంది. ఇంతలో అసలు మాధవి ఆలస్యంగా పరుగున వస్తుంది! ‘మహల్’లో నిజమనుకున్నది నటన అయింది, ఇక్కడ నటన అనుకున్నది నిజమైంది. ఒకే ఎత్తును తిరగవేసి ఆడిన చదరంగం ఇది.

‘నీల్ కమల్’ (1968)లో సజీవంగా గోడలో సమాధి అయిన శిల్పి, రాకుమారిని జన్మ మారిన తరువాత కూడా పిలుస్తూనే ఉంటాడు. ‘కర్జ్’ (1980) పేరు గమనించండి. మనం ఋణానుబంధం అనే మాటకు ఉర్దూలో అంత దగ్గరి పదం మరొకటి లేదు. అక్కడ హంతకురాలి పేరు మళ్లీ కామిని కావడం యాదృచ్ఛికమో కాదో గాని, సరదాగా ఉంది. ‘మగధీర’ (2009)లో షేర్ ఖాన్ మరుజన్మలో సాల్మన్ అవుతాడు. మన హాళ్లలో ఎవరూ దానికి అభ్యంతరం చెప్పినట్లు నేను వినలేదు.

ఈ కథలలో తిరిగి పుట్టేవారు ఎవరు? ఎక్కువగా లోకం కలువనీయని వారు, లేదా అన్యాయంగా హతులైనవారు. సమాజం ఇవ్వవలసినదాన్ని మరుజన్మ మీదికి నెట్టివేయడం సులభమైన ఏర్పాటు. ఈ కథల మీద నాకున్న అసంతృప్తి ఇదే.

అయితే ఈ అసంతృప్తికి సమాధానం కూడా తెలుగు చిత్రంలోనే దొరికింది. ఆదుర్తి సుబ్బారావు ‘మూగ మనసులు’ (1964) ప్రారంభంలోనే, గోదావరిలో పడవ ప్రయాణం చేసే నవదంపతులలో వరునికి పూర్వజన్మ గుర్తుకు వస్తుంది. ఉత్కంఠకు తావు లేదు. పడవవాడు గోపికీ, అమ్మాయిగారు రాధకూ ఏమి కానున్నదో ప్రేక్షకునికి ముందే తెలిసిపోతుంది. నౌకరికీ జమీందారు బిడ్డకూ మధ్య ఒక్క మాట పైకి రాదు. పెండ్లి, వైధవ్యం, ఊరివారి నిందలు, చివరకు నది. ఆ ఇద్దరికీ మరుజన్మ దొరికింది. గోపిని ప్రేమించిన గౌరికి?

గౌరి తిరిగి పుట్టలేదు. ఆమె ఆ ఒక్క జన్మలోనే యౌవనం దాటి వృద్ధురాలై, వారి సమాధుల దగ్గర మిగిలిపోయింది. దంపతులకు కథ చెప్పేది ఆమే. తనకు దక్కని ప్రేమకు సాక్షిగా ఉండడమే ఆమె వంతు. ఆమె గోదావరి గట్టున పాడే పాట గాలిబును తెలుగు చేసిన దాశరథి కలం నుండే వచ్చింది. తీరని కోరికకు మరుజన్మ హామీ ఇవ్వని గజల్ సంప్రదాయం ఎరిగిన కవి ఆయన.

ఆ విద్యార్థిని మొన్న గ్రంథాలయం దగ్గర కలిసి ఈ మాటే చెప్పాను: ఒకే జన్మను నమ్మేవాడు పునర్జన్మ కథలో ఏడవవలసింది గౌరి కోసం. అతడు కొంతసేపు ఆలోచించి, “సార్, మరి హిందీలో గౌరిగా ఎవరు వేశారు?” అని అడిగాడు. ఆదుర్తివారే ఎల్.వి. ప్రసాద్ నిర్మాణంలో ఆ కథను ‘మిలన్’ (1967)గా తీసినప్పుడు గోపిగా సునీల్ దత్, రాధగా నూతన్ వచ్చారు. గౌరి మాత్రం మారలేదు. జమునే నటించి, ఉత్తమ సహాయనటిగా ఫిలింఫేర్ బహుమతి పొందింది.