రాత్రి బిడ్డ నిద్రపోకుంటే ఏం చేయాలి?

తల్లీబిడ్డల పథకాల లబ్ధిదారులకు పాఠం (పుట్టినప్పటి నుంచి 12 నెలల వరకు)

ఈ పాఠం ఎవరికి?
ఆత్మకూర్, అమరచింత చుట్టుపక్కల ఊర్లలోని గర్భిణులకు, బాలింతలకు. అమ్మానాన్న పనికి పోతే మనుమడినో, మనుమరాలినో సాకుతున్న అమ్మమ్మలకు, నాయనమ్మలకు కూడా. చదవడం రానివాళ్లకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి. బిడ్డ తండ్రి తప్పకుండా వినాలి.

ముందు మూడు మాటలు గుర్తు పెట్టుకోండి:
• చిన్న బిడ్డ రాత్రి లేవడం జబ్బు కాదు, తల్లి తప్పూ కాదు.
• నిద్ర పట్టడానికి బిడ్డకు ఏ మందూ, ఏ చుక్కా పోయొద్దు.
• బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పండబెట్టాలి.

1. బిడ్డ రాత్రి ఎందుకు లేస్తది?

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు పగలు, రాత్రి తేడా ఉండదు. పుట్టినాక ఆ తేడా తెలియడానికి 2 నుంచి 3 నెలలు పడుతుంది. బిడ్డ పొట్ట చిన్నది, తల్లిపాలు తొందరగా అరుగుతాయి. అందుకే రెండు మూడు గంటలకోసారి ఆకలవుతుంది. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగడం మామూలే. అందులో కొన్ని రాత్రిపూట పడతాయి. రాత్రి చీకితేనే తల్లికి పాలు బాగా పడతాయి కూడా.

ఇక ఏడుపు సంగతి. పుట్టిన రెండు వారాల నుంచి ఏడుపు పెరుగుతూ వస్తుంది. ఆరు వారాలప్పుడు అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది. మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. పొద్దుగూకిన తర్వాత గుక్కపట్టి ఏడవడం, కాళ్లు కడుపులోకి ముడవడం, మొఖం ఎర్రబడడం చాలామంది బిడ్డల్లో కనిపిస్తుంది. బిడ్డ పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే భయపడాల్సిన పని లేదు. “దిష్టి తగిలింది”, “పాలు సరిపోతలేవు” అని అందరూ ఒక్కో మాట అంటారు. ఆ మాటలకు డబ్బాపాలు మొదలుపెట్టొద్దు. రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

2. ఏ వయసులో ఎంత నిద్ర?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది. పగటి నిద్ర, రాత్రి నిద్ర కలిపి:
• 3 నెలల వరకు: 14 నుంచి 17 గంటలు
• 4 నుంచి 11 నెలలు: 12 నుంచి 16 గంటలు
• 1 ఏడాది దాటినాక: 11 నుంచి 14 గంటలు

ఇదంతా ఒక్కసారే పడే నిద్ర కాదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మీ బిడ్డ గంట అటు ఇటుగా పడుకున్నా ఆడుతూ, తాగుతూ ఉంటే చాలు.

3. ఏడ్చినప్పుడు వరుసగా చూడండి

ఒకటి, ఆకలి. చేతులు నోట్లో పెట్టుకోవడం, తల అటు ఇటు తిప్పి రొమ్ము వెతకడం ఆకలి గుర్తులు. ఏడుపు దాకా ఆగకుండా అప్పుడే పాలివ్వండి.
రెండు, గాలి. పాలు తాగినాక భుజం మీద వేసుకుని వీపు మీద మెల్లగా తట్టండి, తేన్పు వచ్చేదాకా.
మూడు, తడి. గుడ్డ తడిసిందా? తొడల మధ్య ఎర్రగా కమిలిందా?
నాలుగు, ఉక్క లేదా చలి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. చెమట ఉంటే ఒక బట్ట తీసేయండి. మన దిక్కు ఏప్రిల్, మే నెలల్లో టోపీ, స్వెటర్, దుప్పటి మూడూ చుడితే బిడ్డ ఉక్కకే ఏడుస్తుంది.
ఐదు, కుట్టడం. దోమ, చీమ, బట్టలో పిన్నీసు, వేలికి గానీ కాలికి గానీ చుట్టుకున్న దారం లేదా వెంట్రుక. బట్టలు విప్పి ఒళ్లంతా చూడండి.
ఆరు, టీకా. 6, 10, 14 వారాల టీకాలు వేసిన రోజు రాత్రి బిడ్డ చిరచిరలాడుతుంది, ఒళ్లు వెచ్చబడొచ్చు. ఏఎన్‌ఎం చెప్పిన మోతాదులోనే పారాసిటమాల్ ఇవ్వండి. సూది పడ్డ చోట రుద్దొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఏడుస్తుంటే, బిడ్డకు కావాల్సింది మీ ఒడి. ఎత్తుకుంటే “అలవాటు పడి మొండికేస్తది” అనే మాట చిన్న బిడ్డలకు వర్తించదు.

4. పండబెట్టే పద్ధతి

రోజూ ఒకే వరుస పాటించండి. బిడ్డకు గడియారం తెలియదు, వరుస తెలుస్తుంది.
• పగలు బిడ్డను వెలుతురులో, ఇంటి సద్దులో ఉంచండి. మాట్లాడండి, ఆడించండి.
• పొద్దుగూకినాక గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడవండి, మెత్తని బట్ట వేయండి.
• లైటు తగ్గించండి. టీవీ, ఫోన్ బంద్ చేయండి.
• పాలివ్వండి, తేన్పు తెప్పించండి.
• జోల పాడండి. మీ అమ్మ మీకు పాడిన పాటే చాలు, గొంతు బాగుండాలని లేదు.
• రాత్రి పాలకు లేచినప్పుడు చిన్న లైటు చాలు. అప్పుడు ఆటలు, మాటలు వద్దు.

ఎత్తుకుంటే ఊరుకుని, పండబెట్టగానే లేచే బిడ్డకు ఒక ఉపాయం ఉంది. జపాన్ శాస్త్రవేత్తలు 21 మంది బిడ్డల మీద పరీక్షించి 2022లో చెప్పారు: ఏడుస్తున్న బిడ్డను ఛాతీకి ఆనించుకుని 5 నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపోయినాక వెంటనే కింద పెట్టకుండా ఎత్తుకునే ఇంకో 5 నుంచి 8 నిమిషాలు కూర్చోవాలి. నిద్ర గట్టిపడినాక మెల్లగా పండబెట్టాలి. ఈ పని తండ్రి కూడా చేయొచ్చు. తల్లి అప్పుడు కొంచెంసేపు పడుకుంటుంది.

5. ఎక్కడ, ఎట్ల పండబెట్టాలి?

వెల్లకిలా, గట్టి పరుపు మీద గానీ నేల మీద పరిచిన బొంత మీద గానీ పండబెట్టండి. బోర్లా, పక్కకు వద్దు. అమెరికాలో 1994 నుంచి “వెల్లకిలా పండబెట్టండి” అని ప్రచారం చేశారు. నిద్రలోనే అకస్మాత్తుగా చనిపోయే పసిబిడ్డల సంఖ్య ఆ తర్వాత దాదాపు సగానికి తగ్గింది. ఖర్చు లేకుండా ప్రాణం కాపాడే అలవాటు ఇది.

బిడ్డ తల దగ్గర మెత్తటి దిండు, బొమ్మలు, బరువు దుప్పటి ఉంచొద్దు. తల గుండ్రంగా రావాలని చుట్టూ గుడ్డ పేర్చొద్దు. తల్లి గదిలోనే, తల్లికి దగ్గరగా, కానీ వేరే పక్క మీద ఉంటే మేలు.

జూరాల కాలువలు, వరి మడుల దగ్గరి ఊర్లలో దోమలు ఎక్కువ. కిట్‌లో దోమతెర ఇస్తే పెట్టెలో దాచుకోకుండా వాడండి. మూసిన గదిలో దోమల చుట్ట కాల్చడం, ఊదు పొగ వేయడం బిడ్డ ఊపిరికి మంచిది కాదు.

చీర తొట్టెల గురించి: తొట్టెలలో ఊపితే బిడ్డ ఊరుకుంటుంది, నిజమే. మీ కళ్ల ముందు ఉన్నంతసేపే వాడండి. చీర మొఖం మీద మూసుకుపోకూడదు, గడ్డం ఛాతీకి ఆనుకుని మెడ వంగకూడదు. కొక్కెం, తాడు రోజూ చూసుకోండి. నిద్ర గట్టిపడినాక తీసి చదునుగా పండబెట్టండి. రాత్రంతా తొట్టెలలో ఉంచొద్దు. బోర్లాపడడం నేర్చిన బిడ్డను తొట్టెలలో ఒంటరిగా అసలే వదలొద్దు.

6. నిద్ర కోసం ఇవ్వకూడనివి

ఈ భాగం ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా వినిపించండి.

కల్లు: “రెండు చుక్కలు పోస్తే తెల్లారేదాకా పండుకుంటది” అనే మాట ఇంకా అక్కడక్కడ ఉంది. అది నిద్ర కాదు, మత్తు. కల్తీ కల్లులో డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలు కలుపుతారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి అది దొరకకుండా పోతే, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పెద్దవాళ్లే వణుకుతూ, ఫిట్స్‌తో దవాఖానల్లో చేరారు. పెద్దవాళ్లను అట్ల చేసిన మత్తు నాలుగైదు కిలోల బిడ్డను ఏం చేస్తుందో ఆలోచించండి. ఊపిరి ఆగిపోవచ్చు. బాలింత తాగినా కొంత పాలలోకి వస్తుంది. తాగినవాళ్ల పక్కన బిడ్డను పండబెట్టొద్దు. ఒత్తుకున్నా వాళ్లకు తెలివి ఉండదు.

నల్లమందు: చిటికెడు కూడా ప్రాణం తీస్తుంది.

దగ్గు, జలుబు సిరప్‌లు: వీటితో మగత వస్తుందని పోసేవాళ్లున్నారు. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయినాక, 2 ఏళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది.

గ్రైప్ వాటర్, వాము నీళ్లు, వసకొమ్ము, చక్కెర నీళ్లు: 6 నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు. తేనె 1 ఏడాది దాకా నాకించొద్దు.

7. తల్లి ఓపిక కూడా ముఖ్యమే

రోజుల తరబడి నిద్ర లేకపోతే ఎవరికైనా కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. అది చెడ్డతనం కాదు. చెయ్యి లేస్తున్నట్టు అనిపిస్తే బిడ్డను వెల్లకిలా పండబెట్టి, గడప దాటి పది నిమిషాలు బయట కూర్చోండి, లేదా ఇంకొకరి చేతికి ఇవ్వండి. బిడ్డను ఎంత కోపంలోనైనా పట్టుకుని ఊపేయొద్దు. మెడ నిలవని బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తం కారుతుంది.

రెండు వారాలకు మించి దిగులుగా ఉండడం, బిడ్డ మీద మనసు పోకపోవడం, చచ్చిపోదామనిపించడం ఉంటే 14416కు ఫోన్ చేయండి. ఇది టెలి మానస్. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

8. పథకాల నుంచి మీకు అందే సాయం

• ఆశా ఇంటికి రావడం: దవాఖానలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు. బిడ్డ రాత్రి ఏడుపు గురించి అప్పుడే అడగండి. బరువు తూకం వేయించండి.
• ఆరోగ్య లక్ష్మి (2015 జనవరి 1 నుంచి): బిడ్డకు 6 నెలలు నిండేదాకా అంగన్‌వాడీలో తల్లికి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. తల్లి కడుపు నిండితేనే ఓపిక ఉంటుంది.
• బాలామృతం: 7 నెలల నుంచి 3 ఏళ్ల దాకా నెలకు 2.5 కిలోల ప్యాకెట్. 6 నెలలు నిండినాక తల్లిపాలతో పాటు మెత్తగా కలిపి పెట్టండి. బిడ్డ వాటా ఇంట్లో అందరూ పంచుకోవద్దు.
• తల్లీబిడ్డల కిట్: 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పేరుతో సర్కారు దవాఖానల్లో మొదలైంది. పథకాల పేర్లు, ఇచ్చే వస్తువులు మారుతుంటాయి. ఇప్పుడు ఏమేమి ఉన్నాయో మీ ఏఎన్‌ఎంను అడగండి.

పనికి వలస పోతే తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకుపోండి. పోయిన ఊరి అంగన్‌వాడీలో కార్డు చూపి పేరు రాయించుకోండి.

9. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

• పాలు తాగడం మానేయడం, ఏడుపు బలహీనంగా ఉండడం
• ఫిట్స్, లేదా లేపినా కదలకపోవడం
• 2 నెలల లోపు బిడ్డకు చంకలో 99.5 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ జ్వరం, లేదా ఒళ్లు చల్లబడడం
• 2 నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం
• పచ్చటి వాంతులు, కడుపు ఉబ్బడం, మలంలో రక్తం
• ఎంత ఎత్తుకున్నా గంటల తరబడి ఆగని, ఎప్పుడూ లేని ఏడుపు

108కు ఫోన్ చేయండి. ఎవరైనా కల్లు, నల్లమందు, సిరప్ ఏదైనా పోసి ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఏం పోశారో తెలిస్తేనే సరైన వైద్యం అందుతుంది.

మీరు చదివింది చూసుకోండి
(అంగన్‌వాడీలో తల్లుల సమావేశంలో చర్చించండి)

1. బిడ్డ ఏడుపు ఏ వయసులో ఎక్కువగా ఉంటుంది, ఎప్పుడు తగ్గుతుంది?
2. నిద్రపోయిన బిడ్డను కింద పెట్టే ముందు ఎంతసేపు కూర్చోవాలి?
3. పక్కింటివాళ్లు “రెండు చుక్కల కల్లు పోయి” అంటే మీరు ఏం చెప్తారు?
4. మీ ఇంట్లో ఈ రాత్రి బిడ్డను ఎత్తుకోవడంలో తల్లికి సాయం చేసేది ఎవరు? పేరు చెప్పండి.

ఈ పాఠాన్ని మీ ఊరి బాలింతల ఫోన్లకు పంపండి.