నమ్మలేని వేళ చేసిన ప్రార్థన
పాఠ్యభాగము: మార్కు సువార్త 9:14–29

ఈ పాఠమునకు ముందు పైని చెప్పిన భాగమును ఒకసారి నిదానముగా చదువుడి. ఇంటిలో చదువురానివారున్న యెడల వారికి వినబడునట్లు బిగ్గరగా చదువుడి.

ప్రభువు ముగ్గురు శిష్యులతో కొండ దిగి వచ్చుచున్నాడు. కొండమీద మహిమ, కొండ దిగువను వాదము. మిగిలిన తొమ్మండుగురు శిష్యుల చుట్టు జనులు మూగియున్నారు. శాస్త్రులు వారితో తర్కించుచున్నారు. ఆ సందడి నడుమ ఒక తండ్రి నిలిచియున్నాడు. వాని కుమారుడు దయ్యముచేత పీడింపబడుచు, నేలబడి, నురుగు కక్కుచు, కొయ్యబారిపోవుచున్నాడు. ఎంతకాలమునుండి యిట్లున్నదని ప్రభువు అడిగినప్పుడు, చిన్నతనమునుండియేనని ఆ తండ్రి చెప్పెను. నిప్పులోను నీళ్లలోను ఎన్నోసార్లు పడెనని కూడ చెప్పెను. ఆ యింటి సంగతి ఆలోచించుడి. తల్లి పొయ్యి రాజేసినప్పుడు పిల్లవానిని పట్టుకొనుటకు ఒకరుండవలెను. వాడు బావివైపు నడిచినను చెరువువైపు నడిచినను వెనుక ఒకరు పరుగెత్తవలెను. ఇట్లు ఎన్ని ఏండ్లు గడచెనో మార్కు వ్రాయలేదు.

ఆ తండ్రి తన కుమారుని యేసునొద్దకే తీసికొని వచ్చెను. వచ్చినప్పుడు ఆయన లేడు, శిష్యులున్నారు. వారిని వేడుకొనెను. వారివలన కాలేదు. ఈ సంగతిని మనము త్వరగా దాటిపోవుదుము గాని, తరువాత అతడు పలికిన మాటకు కారణమిదియే. నీవలన ఏమైన అయ్యెడల మమ్మును కనికరించుమని అతడు ప్రభువును అడిగెను. ఆ ‘అయ్యెడల’ అను మాటను అతడు ఇంటినుండి తెచ్చుకొనెనో లేదో మనకు తెలియదు. శిష్యుల చేతగానితనమును కన్నులార చూచిన తరువాత మాత్రము అది అతని నోట వచ్చినది. ఆసుపత్రినుండి ఆసుపత్రికి తిరిగి, అప్పులుచేసి, చివరకు గుడి మెట్టు దగ్గర కూర్చున్నవాని మాటవలె ఆ మాట వినబడుచున్నది.

ప్రభువు ఆ మాటను ఊరకనే విడిచిపెట్టలేదు. నమ్మువానికి సమస్తమును సాధ్యమే అని చెప్పెను. అప్పుడా తండ్రి కేకవేసి, ఒక్క ఊపిరిలోనే రెండు సంగతులు ఒప్పుకొనెను: నమ్ముచున్నాననియు, తన అపనమ్మకమునకు సహాయము కావలెననియు. మన కూటములలో ఎవరైన ఇట్లు ప్రార్థించిన, ప్రక్కనున్నవారు కన్నులు తెరచి చూతురేమో!

ఇప్పుడు జాగ్రత్తగా గమనింపుడి. నీ విశ్వాసము నిండిన తరువాత పిల్లవానిని తిరిగి తీసికొని రమ్మని ప్రభువు చెప్పలేదు. ఆ సగము విశ్వాసముతోనే అతని ప్రార్థన అంగీకరింపబడెను. పిల్లవాడు స్వస్థుడై లేచెను. తరువాత ఇంటిలో శిష్యులు ఏకాంతముగా, మావలన ఎందుకు కాలేదని అడిగినప్పుడు, ప్రార్థనవలననే గాని ఇట్టిది వదలిపోదని ఆయన వారికి చెప్పెను. మత్తయి సువార్త 17వ అధ్యాయములో ఈ సంగతియే వ్రాయబడినది. అక్కడ అల్పవిశ్వాసమని ఆయన గద్దించినది శిష్యులనే. విశ్వాసము లేని తరమా అని ఆయన అందరి నడుమ పలికిన మాట ఉన్నది గాని, ప్రత్యేకముగా ఆ తండ్రిని చూపి, నీ విశ్వాసము చాలనందున నీ బిడ్డకు ఇట్లు జరిగెనని ఆయన ఏ సువార్తలోను చెప్పలేదు.

ఈ సంగతిని ఇంత వివరముగా వ్రాయుటకు కారణమున్నది. ఒక పల్లె సంఘములో ఒక సహోదరి బిడ్డ విషజ్వరముతో మరణించెను. సంఘమంతయు ప్రార్థించినది, ఆమె మూడు దినములు ఉపవాసముండెను. సమాధి కార్యక్రమమైన వారమునకు, పరామర్శకు వచ్చిన ఒక బోధకుడు, “అమ్మా, నీవు సందేహింపక నమ్మియుండిన బిడ్డ బ్రదికియుండును” అని ఆమెతో చెప్పి వెళ్లెను. ఆ తరువాత ఆమె చాల నెలలు ఆరాధనకు రాలేదు. నేను వెళ్లి అడిగినప్పుడు ఆమె చెప్పినది ఇంతే: “అయ్యగారూ, దేవుడు నా బిడ్డను తీసికొనెననుకొంటే ఏడ్చుకొందును. నేనే చంపితినని చెప్పినారు. ఇక ఏ ముఖముతో వచ్చేది?”

ఆ బోధకుడు చెడ్డవాడని నేననుకొనను. కాని ఆ మాట సువార్త కాదు. మందు వాడుట అవిశ్వాసమని చెప్పు మాటయు ఇట్టిదే. కడుపు జబ్బుకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని పౌలు తిమోతికి వ్రాసెను. వైద్యుడైన లూకా పౌలునకు ప్రియ సహచరుడు. ఎపఫ్రొదితు చావునకు దగ్గరపడి బ్రదికెను. త్రోఫిము రోగియైయుండగా పౌలు అతనిని మిలేతులో విడిచి వెళ్లవలసి వచ్చెను. ఇది 2 తిమోతి 4వ అధ్యాయములో ఉన్నది. ఎన్నో స్వస్థతలు జరిగించిన అపొస్తలుడు స్నేహితుని పడకమీదనే విడిచి ప్రయాణమై వెళ్లినాడు! త్రోఫిమునకు విశ్వాసము చాలలేదని గాని, తాను సరిగా ప్రార్థింపలేదని గాని పౌలు వ్రాయలేదు. తన శరీరములోని ముల్లు విషయమై మూడుసార్లు వేడుకొనెను, అది తొలగలేదు.

అయితే యాకోబు పత్రిక మాటయేమి అని కొందరు అడుగుదురు. సందేహించువాడు సముద్ర తరంగము వంటివాడని మొదటి అధ్యాయములో ఉన్నది గదా? ఉన్నది. ఆ తరువాతి వచనములు కూడ చదువుడి. అక్కడ చెప్పబడినవాడు ద్విమనస్కుడు, రెండు పడవలలో కాళ్లు పెట్టినవాడు. దేవుని అడుగును, అదే సమయమున మరియొక దారి చూచుకొనును. మన పాఠములోని తండ్రికి మరియొక దారి లేదు. అతని సందేహము అతనిని యేసునొద్దనుండి తీసికొనిపోలేదు. దానిని కూడ ఆయనయొద్దకే తెచ్చెను. ఈ రెండింటికి చాల భేదమున్నది. ఇంకొక మాట: అదే యాకోబు 5వ అధ్యాయములో, రోగి సంఘపు పెద్దలను పిలిపింపవలెనని వ్రాసెను. నూనె రాసి ప్రార్థన చేయవలసినది పెద్దలు. పడకమీదనున్నవాని విశ్వాసమును తూకము వేయుమని అక్కడ లేదు. కపెర్నహూములో పక్షవాయువుగలవానిని మోసి ఇంటికప్పు విప్పి దింపిన నలుగురిని జ్ఞాపకము చేసికొనుడి. ప్రభువు వారి విశ్వాసము చూచెను.

నమ్మకము లేక ప్రార్థించిన సంఘము బైబిలులోనే ఉన్నది. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో హేరోదు యాకోబును కత్తితో చంపించి, పేతురును చెరలో వేయించెను. సంఘము అత్యాసక్తితో ప్రార్థించినది. పేతురు విడుదలై వచ్చి మరియ ఇంటి తలుపు తట్టగా, రొదే అను చిన్నది పరుగెత్తి ఆ సంగతి చెప్పినది. ప్రార్థన చేయుచున్నవారే ఆమెను పిచ్చిదానవనిరి! వారు అడిగినది వాకిట నిలిచియుండగా నమ్మలేకపోయిరి. అయినను పేతురు విడుదలయ్యెను. అతడు విడుదల పొంది, యాకోబు ఏల చంపబడెనో లూకా వివరింపలేదు. మనము కల్పించి చెప్పుటకు అధికారము లేదు.

మన తెలుగు దేశపు సంఘచరిత్రలోను ఇట్టి కాలమున్నది. నెల్లూరు బాప్టిస్టు మిషనులో చాల ఏండ్ల శ్రమకు ఫలము మిక్కిలి కొంచెము. 1853లో అమెరికాలో జరిగిన సభలో, ఈ మిషనును మూసివేయుదమా అను చర్చ వచ్చెను. ఉన్నది ఒక్క నెల్లూరు స్టేషనే గనుక దానిని ఒంటరి నక్షత్రమని పిలిచిరి. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జూయెట్ దొరగారును దొరసానిగారును కొందరు తెలుగు విశ్వాసులును ఒంగోలులో ఒక కొండ ఎక్కి, ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. అనగా పండ్రెండేండ్లు! ఈ మధ్యకాలములో మిషనును విడిచిపెట్టు ఆలోచన మరల ఒకసారి వచ్చెను.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము ఉత్సాహముగా చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. కాని ఆ దినమునకు ముందు 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరువు వచ్చినది. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూటికొరకు వచ్చిరను మాట రాకుండ ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. ఆ పల్లెలలో వర్షము కొరకు, గంజి కొరకు, బిడ్డల ప్రాణము కొరకు ఎన్ని ప్రార్థనలు చేయబడెనో, వాటిలో ఎన్ని ఆ ఇండ్లవారు కోరినట్లు జరుగలేదో దేవునికే తెలియును. 2,222 అను సంఖ్య మనకు కంఠస్థముగా నున్నది. ఆ ప్రార్థనలకు సంఖ్య లేదు.

కాబట్టి మీ సంఘములో ఎవరైన దుఃఖమువలన ప్రార్థింపలేక యుండిన యెడల, వారికి ఉపన్యాసము చెప్పవద్దు. 88వ కీర్తన వారి యింట చదువుడి. అది చీకటి అను మాటతోనే ముగియుచున్నది; చివర స్తుతి లేదు. అయినను దేవుని ప్రజలు దానిని తమ కీర్తనల గ్రంథమునుండి తీసివేయలేదు. చదివిన పిమ్మట వివరణ చేయక, కొంతసేపు ఊరక కూర్చుండుడి. వారు ఏడ్చిన యెడల ఏడ్వనిండు. వారు ప్రార్థింపలేకున్న యెడల వారి పేరు చెప్పి మీరే ప్రార్థింపుడి. వారిని ఆమేన్ అనుమని కూడ బలవంతము చేయవద్దు.

ఈ నెల గృహకూటములో పాఠము చదివిన తరువాత, గడచిన సంవత్సరములో ఆప్తులను పోగొట్టుకొని ఆరాధనకు రాకున్నవారి పేర్లు వ్రాసికొనుడి. వచ్చు ఆదివారము లోపల పెద్దలలో ఇద్దరు, స్త్రీల సమాజమునుండి ఒకరు ప్రతి యింటికిని వెళ్లవలెను. ఎందుకు రాలేదని అడుగవద్దు.