గసగసాలు వెయ్యని మసాల

సిరికొండ



మొన్న నువ్వు ఫోన్ల "పెద్దమ్మా, ఇగ పిల్లల కోసం చూద్దామనుకుంటున్నం" అన్నప్పటి సంది మీ అమ్మ నా పానం తీస్తున్నది. మొదటి కాన్పు తల్లిగారింట్లనే కావాలెనట. ముప్పై ఏండ్లు ఏఎన్‌ఎం కొలువు చేసినదాన్ని, నా మాట వేరు. మొగుడు పక్కనున్న కాడ, ఆ దుబాయిలనే కానియ్యి. ఇక్కడికొస్తే నార్మల్ అయితదన్న భ్రమ వద్దు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల నూటికి 60 పైన కోత కాన్పులే, దేశం మొత్తం మీద 21. అయినా వస్తనంటే ఆరో నెలల్నే రా. ఏడు దాటితే విమానమోళ్లు డాక్టర్ కాయితం అడుగుతరు, 36 వారాలు దాటితే ఎక్కనియ్యరు.

ఫోలిక్ యాసిడ్ గోలీ ఇయ్యాల్టి నుంచే వేసుకో, రోజుకు 400 మైక్రోగ్రాములది. మేము ఊర్ల మూడో నెలల పేరు రాసుకొని ఇచ్చేటోళ్లం, అప్పటికే ఆలస్యమైతుండె. బిడ్డ మెదడు, వెన్నుపాముకు మూలం కట్టుకునేది గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాలల్లనే. రక్తం, షుగర్, థైరాయిడ్ కూడ చూపించుకో.

నీది మీ అమ్మ లెక్కనే నెగెటివ్ గ్రూప్. మీ తమ్ముడు పుట్టిననాడు యాంటీ-డి సూది కోసం మీ నాయిన నిజామాబాద్ల మందుల దుకాండ్లన్నీ తిరిగి, థర్మాస్ ఫ్లాస్కుల ఐసు పోసి, దాన్ని ఒళ్లె పెట్టుకొని బస్సుల తెచ్చిండు. 72 గంటలల్ల పడాలె. నాకు గడియారం చూసుడే సరిపోయింది. అల్లునిది పాజిటివ్ అయితే నీకు 28వ వారంల ఒకటి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయినంక ఇంకొకటి. మొదటిసారి పోయినప్పుడే డాక్టరమ్మకు చెప్పు. ఇన్సూరెన్సుల కాన్పు ఖర్చు ఉన్నదో లేదో, ఉంటే ఎన్ని నెలలు ఆగాలెనో అల్లుణ్ని కనుక్కోమను.

ఇగ కాయితాలు. పుట్టిన 120 రోజులల్ల బిడ్డకు వీసా పడాలె, లేకుంటే జుర్మానా. వీసాకు పాస్‌పోర్టు, పాస్‌పోర్టుకు బర్త్ సర్టిఫికెట్, దానికి అటెస్టేషన్ అయిన మీ పెండ్లి సర్టిఫికెట్. నిన్న మీ అత్తగారింట్ల బీరువా తీస్తే అది పెండ్లి చీర మడతలల్ల దొరికింది! అందుల నీ ఇంటిపేరు పూర్తిగ ఉన్నది, పాస్‌పోర్టుల పొడి అక్షరమే. ఇప్పుడే సరిచేయించుకో. మన వాడకట్టు పిల్ల ఒకామె ఈ తేడాతోనే పసిపిల్లను ఎత్తుకొని రెండు నెలలు తిరిగింది. ఏడాదిలోపల మన కాన్సులేట్ల బిడ్డ పేరు రాయించుడు మరువకు, లేకుంటే మన దేశపు పౌరసత్వానికే పేచీ.

వచ్చే వారం మన ఊరి పిల్లగాడు దుబాయి వస్తున్నడు. సర్టిఫికెట్ చేతి సంచిల పెట్టుకోమన్న. ఈయేటి పసుపు, మసాల కూడ పంపుతున్న. గసగసాలు ఒక్క గింజ వెయ్యలేదు. ఆడ అవి మత్తుమందు లెక్క, పొడిల కలిసినా పట్టుకుంటరు. మీ అమ్మ తెల్వక వేసి దంచిన మసాల పక్కకు పెట్టిచ్చిన, కోడికూరకు మేమే వాడుకుంటున్నం. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి బాలింత కాయం టైముకు చేస్త, తెచ్చేది మీ అమ్మనే.

ఆమె పాస్‌పోర్టుకు నిజామాబాద్ల తారీఖు దొరికింది. తల్లిగారిల్లు ముచ్చట మరిచింది గని, ఇప్పుడు ఆడ లేత బీరకాయ దొరుకుతదా అని రంది పట్టుకున్నది. కనుక్కొని ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ