పుట్టుమచ్చ: ఒక పేరు, రెండు స్వభావములు

భాషను బోధించు మేము వైద్యవిషయమున కలము పట్టుట సాహసమే. అయితే చిక్కు మొదట మాటలోనే ఉన్నది గనుక మాకును కొంత అధికారము కలదనుకొందుము.

తెలుగులో 'పుట్టుమచ్చ' అందుము, ఉర్దూలో 'లహసన్' అందురు. శిశువు ఒంటిమీది ఎర్రని మచ్చ ఏదైనను ఈ ఒక్క పేరులోనే ఇముడును. కాని వైద్యులు హెమాంజియోమా అను రక్తనాళముల కణితి పలువురు శిశువులలో పుట్టిననాడు కనబడనే కనబడదు. రెండు మూడు వారములకు ఎర్రని చుక్కగా పొడసూపి, మూడు నెలలలోపల వేగముగా ఉబ్బి, ఏడాది వచ్చునప్పటికి మెల్లగా కరగనారంభించును. నూటికి నలుగురైదుగురు శిశువులకు ఇది వచ్చును. ఆడపిల్లలలోను, నెలలు నిండక పుట్టినవారిలోను ఎక్కువ. కణితి అనగానే బెదరనక్కరలేదు, ఇది క్యాన్సరు కాదు.

పోర్ట్ వైన్ మచ్చ వేరు. అది నిజముగా పుట్టుకతో వచ్చునదే. చదునుగా నుండి, బిడ్డతోపాటు పెరుగును, తనంతట పోదు. నుదుట, పైరెప్పపై ఉన్నచో కంటిని, మెదడును పరీక్షింపవలసి యుండును. ఈ రెంటిని 1982లో అమెరికా పరిశోధకులు మలికెన్, గ్లోవాకీ స్పష్టముగా వేరుచేసి చూపిరి. అంతకుముందు వైద్యులును మనవలెనే కలగాపులగముగా పిలిచెడివారు!

1998లో సైబర్ టవర్స్ తెరచిన పిదప మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలిలలో ఊళ్ల నుండి వచ్చి కాపురములు పెట్టిన యువదంపతులెందరో. బిడ్డ ఫొటోను ఫోనులో చూచిన అమ్మమ్మ, "గ్రహణం నాడు ఏం కోశావే?" అని కూతురిని నిలదీయును. లేదా, "అదే పోతుందిలే" అనును. మొదటి మాట నిరాధారము, తల్లికి అన్యాయము. రెండవది చాలవరకు నిజము, ప్రమాదమును అందులోనే ఉన్నది. రెప్పపై కణితి చూపునకు అడ్డుపడినచో ఆ కన్ను చూచుట నేర్చుకొనదు. తరువాత కణితి కరగినను చూపు పూర్తిగా రాకపోవచ్చును. పెదవిపైనిది పుండుపడవచ్చును. గడ్డము, దవడల మీద పరచుకొన్నచో శ్వాసమార్గములోను ఉండవచ్చును. అయిదు, అంతకు మించి ఉన్నచో కాలేయమునకు స్కానింగు చేయింతురు. ఇట్టివానిని నెల నిండులోపలనే చూపింపవలెను.

మందు పాతదే. 1960 దశకమున గుండెజబ్బులకై వచ్చిన ప్రొప్రనలాల్. 2008లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు, గుండె ఇబ్బందికై దానిని ఇచ్చిన శిశువు ముఖముపై కణితి కుంచించుకొనుట చూచి లోకమునకు తెలిపిరి. ఖరీదైనది కాదు. ఆ అద్దాల మేడలను కట్టిన కూలివాని బిడ్డకును అందవలసినది. రెడ్ హిల్స్ లోని నీలోఫర్ ప్రభుత్వ ఆసుపత్రి 1953 నుండి అట్టి పిల్లల కొరకే ఉన్నది.

అయితే వైద్యుని పర్యవేక్షణ లేక ఈ మందు వాడరాదు. రక్తములో చక్కెర పడిపోవచ్చును గనుక పాలు త్రాగించిన పిదపనే ఇవ్వవలెను. బిడ్డ పాలు మానినను, వాంతులు చేసికొనినను మందు ఆపి వెంటనే వైద్యుని అడుగవలెను.