నేటి పాఠం: మోషే కింద రాయి



చదువు భాగం: నిర్గమకాండము 17వ అధ్యాయం.

అమాలేకీయులతో యుద్ధం జరిగే రోజున మోషే కొండ మీద చేతులెత్తి నిలబడ్డాడు. పొద్దు గడిచేకొద్దీ చేతులు బరువెక్కాయి. దేవుడు ఆయన్ని గద్దించలేదు. అహరోను, హూరు ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, చెరో పక్క నిలబడి ఆ చేతులు పట్టుకున్నారు. సాయంత్రం దాకా వదల్లేదు.

మనలో కొందరికి ఇంటి దగ్గర కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లు ఉన్నారు. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా దిగులెందుకు?" అంటాం. అసలు బరువు తర్వాతే మొదలవుతుంది. శరీరం కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తుంది. అది జరగకుండా రోజూ టైముకు మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రల వల్ల ఇన్ఫెక్షన్లు తొందరగా అంటుకుంటాయి. అందుకే జ్వరం వచ్చినా, రక్తపరీక్ష ఉన్నా గుండె దడ. స్టెరాయిడ్ మాత్రలతో కొందరికి నిద్ర పట్టదు, ఊరికే కోపం, ఏడుపు వస్తాయి. అది విశ్వాసం తగ్గడం కాదు. డాక్టరుకు చెప్పాలి. దిగులు ముదిరితే మాత్రలు తప్పిపోతాయి, అప్పుడు కిడ్నీకే ప్రమాదం.

"ప్రార్థన చేయించుకున్నావు, ఇంక మాత్రలెందుకు?" అని ఎవరన్నా వినకండి. మోషే కింద పెట్టిన రాయి అవిశ్వాసం కాదు. మాత్ర కూడా అంతే.

దూరంలో ఉన్న మనం హూరు పని ఎట్లా చేయాలి?

1. మాత్ర టైముకు ఫోన్ చేయండి. ఇండియాలో రాత్రి 9 అంటే సౌదీ, కువైట్, ఖతర్‌లో సాయంత్రం 6:30, దుబాయ్‌లో 7:30.

2. మొదటి మాట "రిపోర్ట్ ఏమొచ్చింది?" అని కాదు, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. చెప్పేది పూర్తిగా వినండి.

3. చూసుకునే భార్యకో అమ్మకో వారానికి ఒక పూటైనా విశ్రాంతి ఇప్పించండి. తమ్ముడితో, చెల్లెతో మీరే మాట్లాడి ఒప్పించండి. కిడ్నీ ఇచ్చినవాళ్లను కూడా పలకరించండి, వాళ్లను అందరూ మరిచిపోతారు.

4. మొదటి నెలల్లో జనం గుంపుగా ఇంటికి రాకుండా, ఫోన్‌లోనే ప్రార్థన చేయమని సంఘానికి చెప్పండి.

5. మనసు బాగా కుంగితే ఇండియాలో ఉన్నవాళ్లు 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

6. దగ్గర లేనన్న మీ బాధ కూడా రూములో నమ్మకమైన ఒకరితో చెప్పుకోండి. మీ చేతులూ బరువెక్కుతాయి.

ప్రార్థన: ప్రభువా, మంచం మీద ఉన్నవారికి ధైర్యం, పక్కన ఉన్నవారికి నిద్ర, దూరంలో ఉన్న మాకు ఓపిక ఇవ్వు. ఆమేన్.

ఈ పాఠం అవసరమైన ఒక్క సహోదరునికైనా పంపండి.