పెళ్ళి పిలుపు: ఎవరిని, ఎలా పిలవాలి?

పెళ్ళి తేదీ కుదరగానే మన ఇళ్ళలో ముందుగా కార్డు మాట వస్తుంది. ఏ రంగు, ఏ ప్రెస్సు, ఎన్ని వందలు? ఆ చర్చ ముగిసేసరికి ఎవరిని పిలవాలో ఆలోచించే తీరిక ఉండదు. షరీఅత్ మాత్రం కార్డు గురించి కాదు, పిలుపు గురించే చెప్పింది.

హజ్రత్ జైనబ్ (రజి)తో వివాహమైనప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ అనస్ (రజి)ను పంపి కొందరిని పేరుపేరునా, దారిలో ఎదురైన వారినందరినీ పిలవమన్నారు. సుమారు 300 మంది వచ్చారని సహీహ్ ముస్లింలో ఉంది. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనం అన్నిటికన్నా చెడ్డదని హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనం. పిలుపును తిరస్కరించడం అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు అవిధేయత అని కూడా అందులోనే ఉంది. అంటే మనం పిలిస్తే ఎదుటివారిపై ఒక బాధ్యత పడుతుంది. మాటవరసకు పిలవడం తగదు.

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు కుటుంబాలకు ఈ విషయం మరింత అవసరం. 2014లో కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. వెంకటాపురం, వాజేడు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నాయి. పోలవరం ముంపు వల్ల ఊరే వదిలి పునరావాస కాలనీలకు వెళ్ళినవారూ ఉన్నారు. పాత డైరీ చూసి 'ఖమ్మం జిల్లా' అని రాసి పోస్టులో వేస్తే ఆ కార్డు ఎక్కడికి చేరుతుందో చెప్పలేం. అది తిరిగి వచ్చినా 'మేము పంపాం' అని ఊరుకుంటే తెగేది బంధుత్వం. బంధుత్వాన్ని తెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడన్న హెచ్చరిక మనకు తెలిసిందే. కార్డు వేసేముందు ఒక ఫోను చేసి ఊరు, మండలం, పిన్‌కోడు అడగండి. దగ్గరి బంధువుల్లోని పెద్దలకు వాట్సాప్‌లో బొమ్మ పంపి సరిపెట్టకండి. కుదిరితే ఇంటికి వెళ్ళండి, లేదంటే నోటితోనైనా పిలవండి.

ఇక కార్డులోని రాత. దైవప్రవక్త (స) రోము చక్రవర్తి హిరఖల్‌కు రాయించిన లేఖ బిస్మిల్లాహ్‌తో మొదలైంది. తర్వాత పంపినవారి పేరు, ఆ తర్వాత అందుకునేవారి పేరు, దానితో రోము ప్రజల పెద్ద అన్న గౌరవ వాచకం. కాబట్టి ముస్లిమేతరుల కార్డులో కూడా బిస్మిల్లాహ్ రాయవచ్చు. కాళ్ళ కింద పడుతుందేమోనన్న భయంతో కొందరు 786 వేయిస్తారు. ఆ అంకెకు సున్నత్‌లో ఆధారం లేదు. భయముంటే నోటితో బిస్మిల్లాహ్ అని, కార్డు మీద రాయకపోవడం మేలు.

కొన్ని కార్డుల్లో వధువు పేరే ఉండదు, ఫలానావారి కుమార్తె అని సరిపెడతారు. నికాహ్‌ను నలుగురికీ తెలియజేయమన్న ధర్మంలో పెళ్ళికూతురి పేరు దాచడం మాకు అర్థం కాదు. ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవడం రానప్పుడు గొప్ప కోసం ఉర్దూలో మాత్రమే అచ్చు వేయించడమూ అంతే.

వేళ విషయంలో నిజం రాయాలి. 'రాత్రి 8 గంటలకు విందు' అని రాసి 11కు వడ్డిస్తే, చర్ల రోడ్డున తిరిగి వెళ్ళాల్సిన అతిథి బస్సు పోగొట్టుకుని ఆకలితో కూర్చుంటాడు. ఎందరిని పిలుస్తున్నారో కూడా స్పష్టంగా చెప్పాలి. అబూ షుఐబ్ (రజి) అయిదుగురికని భోజనానికి పిలిస్తే ఆరో వ్యక్తి వెంట వచ్చాడు. దైవప్రవక్త (స) అతని కోసం ఇంటి యజమాని అనుమతి అడిగారు. 'సకుటుంబ సపరివార సమేతంగా' అని రాసిన తర్వాత, ఇంతమంది వచ్చారేమని ముఖం చిట్లించే హక్కు మనకు లేదు.

పొరుగున ఉన్న కోయ కుటుంబాలను, హిందూ సోదరులను పిలిచేటప్పుడు కార్డు తెలుగులో ఉండాలి. పేరుకు ముందు 'శ్రీ', 'గారు' మరవకండి. మాంసం తినని వారుంటే వారికి వేరుగా వండిస్తున్నామన్న మాట కార్డు చేతికిచ్చేటప్పుడే చెప్పండి.