స్కిజోఫ్రీనియా: మెదడు తీగల పైపూత ఎందుకు దెబ్బతింటుంది?

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో ఉంది కిరుమాంబాక్కం. ఇక్కడి ఆరుపడై వీడు వైద్య కళాశాలలోనైనా, దేశంలోని మరే పెద్దాసుపత్రిలోనైనా స్కిజోఫ్రీనియాను మానసిక వైద్యులు గుర్తించే పద్ధతి ఒకటే: రోగితో, ఇంట్లోవాళ్లతో వివరంగా మాట్లాడటం. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, అకారణ అనుమానాలు, నలుగురికీ దూరంగా ఉండిపోవడం వంటివి ఎంతకాలంగా ఉన్నాయో చూస్తారు. జబ్బును నిర్ధారించే రక్తపరీక్ష గానీ, స్కాన్ గానీ ఇంకా లేదు. అలాగని ఇది మెదడుకు సంబంధం లేని జబ్బు కాదు.

1952 నుంచి వాడుకలో ఉన్న క్లోర్‌ప్రోమజైన్, ఆ తర్వాత వచ్చిన మందుల్లో చాలావరకు డోపమైన్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గిస్తాయి. దాంతో వినిపించే మాటలు, అనుమానాలు తగ్గుతాయి. జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం మాత్రం అంతగా మెరుగుపడవు. అందుకే శాస్త్రవేత్తల చూపు మెదడులోని తెల్ల పదార్థం మీద పడింది.

తెల్ల పదార్థం అంటే?

మెదడులోని ఒక భాగాన్ని మరో భాగంతో కలిపే నాడీ తంతువుల కట్టలే తెల్ల పదార్థం. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా ఈ తంతువులపై మైలిన్ అనే కొవ్వు పూత ఉంటుంది. పూత బాగుంటే సంకేతాలు వేగంగా, సమయానికి చేరతాయి.

దీని ఆరోగ్యాన్ని ఎంఆర్ఐ స్కాన్‌తో నీటి కదలికను బట్టి అంచనా వేస్తారు. బాహూర్ చెరువు కింది పొలాల్లో గట్లు గట్టిగా ఉంటే నీరు కాలువ వెంటే పోతుంది, గండి పడితే పక్కలకు పారుతుంది. మెదడులో కూడా తంతువులు సవ్యంగా ఉంటే నీటి అణువులు ఎక్కువగా వాటి పొడవునా కదులుతాయి.

2018లో ప్రచురితమైన ఎనిగ్మా అధ్యయనం 1,963 మంది రోగులను, 2,359 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. పరిశీలించిన 25 భాగాల్లో 20 చోట్ల రోగుల్లో ఈ క్రమం తగ్గింది.

రసాయనాలతో లంకె

శరీర బరువులో మెదడు 2 శాతమే. వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. ఆ క్రమంలో పుట్టే హానికర అణువులను గ్లుటాథయోన్ అదుపు చేస్తుంది. రోగుల వెన్నుద్రవంలో అది 27 శాతం తక్కువగా ఉందని 2000లో స్విట్జర్లాండ్‌కు చెందిన కిమ్ దో బృందం తెలిపింది. తర్వాతి స్కాన్ అధ్యయనాల్లో తేడా చిన్నదిగానే కనిపించింది, కొన్నింటిలో అసలు కనిపించలేదు. గ్లుటాథయోన్ తగ్గితే మైలిన్ తయారుచేసే కణాలు తేలిగ్గా దెబ్బతింటాయి. తెల్ల పదార్థం ఇరవైలు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. జబ్బు బయటపడేదీ ఎక్కువగా ఈ ఎదుగుదల సాగే వయసుల్లోనే.

అయితే ఈ తేడాలు సగటున కనిపించేవి. రోగుల, ఆరోగ్యవంతుల కొలతలు చాలావరకు కలిసిపోతాయి కాబట్టి ఒక్క స్కాన్‌తో ఒక మనిషికి జబ్బుందని చెప్పలేరు. కానీ ఇది చేతబడి కాదు, పెంపకంలో లోపం కాదు, మనోబలం లేకపోవడమూ కాదని ఈ పరిశోధనలు చెబుతున్నాయి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే కోలుకునే అవకాశం అంత మెరుగు. వైద్యులను అడగకుండా మందులు ఆపకూడదు. సలహా కోసం టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.